అట్లాంటిక్ దాటే తెరచాప పడవలో క్రూగా వెళ్లాలంటే

ఏటా నవంబరులో స్పెయిన్‌కు చెందిన కానరీ దీవుల్లోని లాస్ పాల్మాస్ రేవు తెరచాప పడవలతో నిండిపోతుంది. అక్కడి నుంచి కరేబియన్‌లోని సెయింట్ లూసియా దాకా దాదాపు 2,700 నాటికల్ మైళ్లు, అంటే 5,000 కిలోమీటర్లు. 40, 45 అడుగుల పడవకు 18 నుంచి 21 రోజులు పడుతుంది. అట్లాంటిక్‌లో హరికేన్ల కాలం అధికారికంగా నవంబరు 30న ముగుస్తుంది. నవంబరు చివర్లో బయల్దేరితే అవతలి ఒడ్డు చేరేసరికి డిసెంబరు మధ్య అవుతుంది, ఈశాన్యం నుంచి వీచే వ్యాపార పవనాలు అప్పటికి నిలదొక్కుకుంటాయి. 1986లో నావికుడు జిమ్మీ కార్నెల్ ఏఆర్‌సీ (అట్లాంటిక్ ర్యాలీ ఫర్ క్రూజర్స్) అనే సామూహిక పడవ యాత్రను మొదలుపెట్టినప్పటి నుంచీ ఈ దారి సొంత పడవ లేనివాళ్లకు కూడా తెరుచుకుంది. చాలా పడవల్లో యజమాని, అతని భార్య తప్ప మూడో మనిషి ఉండరు. మూడు వారాలు రాత్రీ పగలూ నడపడానికి ఇద్దరు చాలరు కాబట్టి క్రూ, అంటే పడవ పనిలో చేయి కలిపేవాళ్ల కోసం చూస్తారు.

ఈ ప్రయాణానికి సిద్ధపడటమంటే మంచి జాకెట్ కొనుక్కోవడం, నాలుగు ముడులు నేర్చుకోవడం అని చాలామంది అనుకుంటారు. నా లెక్కలో పరీక్ష ఒక్కటే. మూడో రాత్రి రెండు గంటలకు నిద్ర చాలక, కడుపులో తిప్పుతూ, బట్టలు తడిసి ఉన్నప్పుడు కూడా మీ వంతు మూడు గంటల కాపలా మీరు కాయగలరా? కాయలేకపోతే ఆ మూడు గంటలూ ఇంకొకరి నిద్రలోంచి పోతాయి. అలసిన ఆ మనిషి మర్నాడు తప్పు చేస్తాడు. కింద చెప్పేదంతా ఆ ఒక్క వంతు కోసమే.

స్కిప్పర్‌ను అడగాల్సినవి

పడవ ఫొటోలు చూసి మురిసిపోయే ముందు దాన్ని నడిపించే స్కిప్పర్‌కు కొన్ని ప్రశ్నలు వేయాలి. లైఫ్ రాఫ్ట్ (పడవ మునిగితే ఎక్కే గాలి తెప్ప) చివరిసారి సర్వీసు ఎప్పుడైంది, ఎంతమందికి సరిపోతుంది? మాస్ట్‌ను (తెరచాప స్తంభాన్ని) పట్టి ఉంచే వైర్లు ఎన్నేళ్ల నాటివి? మొత్తం ఎంతమంది, ఎన్ని పడకలు? ప్రతి పడకకూ మనిషి దొర్లి పడకుండా కట్టే గుడ్డ ఉందా? అది లేని పడక సముద్రంలో పడక కాదు. సముద్రంలో ఉండగా మద్యం తాగనిస్తారా? భోజనం, డీజిల్, రేవు ఛార్జీలు ఎవరు ఎంత పెట్టుకోవాలి? డబ్బు సంగతి ముందే రాసుకోవాలి. నడిసముద్రంలో లెక్కల గొడవ వస్తే లేచి పోవడానికి దారి ఉండదు. ఈ ప్రశ్నలకు విసుక్కునే స్కిప్పర్‌తో వెళ్లకండి. సమాధానాలు ఎంత బాగున్నా, వీలైతే లాస్ పాల్మాస్‌కు నాలుగైదు రోజుల ముందే చేరి, ఒక రాత్రి కలిసి బయట నడిపి చూడండి.

కాగితాల్లో భారతీయ పాస్‌పోర్టు ఉన్నవాళ్లకు చిక్కు వచ్చేది రెండు చోట్ల. లాస్ పాల్మాస్‌కు ఒకవైపు టికెట్‌తో వెళ్తే విమానం ఎక్కేటప్పుడే ఆపొచ్చు. పడవ పేరు, రిజిస్ట్రేషన్ నంబరు, మీ పాస్‌పోర్టు నంబరు, బయల్దేరే తేదీ రాసి స్కిప్పర్ సంతకం చేసిన లేఖ చేతిలో ఉండాలి. రెండోది, కానరీలు షెంగెన్‌లో భాగం కాబట్టి పడవ ఎక్కేముందు రేవులోని సరిహద్దు పోలీసుల దగ్గర మీ నిష్క్రమణ నమోదు కావాలి. అది లేకుండా వెళ్లిపోతే రికార్డుల్లో మీరు ఇంకా స్పెయిన్‌లోనే ఉన్నట్టు లెక్క, తర్వాతి వీసాకు అదే అడ్డు. తిరుగు టికెట్ తేదీ మార్చుకునే రకం తీసుకోండి. గాలి పడిపోతే వారం ఆలస్యం కావడం మామూలే. ప్రయాణ బీమా పత్రంలో తీరానికి 12 మైళ్లు దాటిన తర్వాత వర్తించదనే షరతు ఉందేమో చదవండి. చాలా పాలసీల్లో ఉంటుంది. పళ్ల డాక్టరుకు కూడా ముందే చూపించుకోండి, పన్ను నొప్పికి మధ్య సముద్రంలో మందు లేదు.

ఒడ్డునే నేర్చుకోవాల్సినవి

హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకు హుస్సేన్‌సాగర్ ఉంది. అక్కడి లేజర్ అనే చిన్న తెరచాప పడవల్లో గాలి ఎటు నుంచి వస్తోందో చెంపకు, మెడకు తెలిసిపోయేదాకా తిరగడం పెద్ద పడవలో వారం పాఠానికి సమానం. చిన్న పడవ తప్పును వెంటనే చూపిస్తుంది, పెద్ద పడవ దాచిపెట్టి ఒక్కసారిగా చూపిస్తుంది. దాని తర్వాత 5 రోజుల ఆర్‌వైఏ (బ్రిటన్‌లోని రాయల్ యాటింగ్ అసోసియేషన్) కాంపిటెంట్ క్రూ కోర్సు, ఒక రోజు సీ సర్వైవల్ కోర్సు చేస్తే మంచి పునాది. రెండోదాంట్లో ఈత కొలనులో లైఫ్ జాకెట్ ఉబ్బించుకుని, బోర్లాపడిన రాఫ్ట్‌ను తిప్పి, ఎక్కడం నేర్పుతారు. తడిసిన బట్టలతో రాఫ్ట్ ఎక్కడం ఎంత కష్టమో దిగితే తప్ప తెలియదు.

మనవాళ్లలో ఈ దారిలో చాలా దూరం వెళ్లినవాళ్లు ఉన్నారు. 2017 సెప్టెంబరు 10న గోవా నుంచి బయల్దేరి 2018 మే 21న తిరిగొచ్చిన నౌకాదళ పడవ ఐఎన్ఎస్‌వీ తారిణిలోని ఆరుగురు మహిళల్లో హైదరాబాద్‌కు చెందిన ఐశ్వర్య బొడ్డపాటి, విశాఖపట్నానికి చెందిన పి. స్వాతి ఉన్నారు. భూమి చుట్టి రావడానికి ముందు వాళ్లు మాదేయి పడవపై మారిషస్, కేప్‌టౌన్ ప్రయాణాలు చేసి సాధన చేశారు. అంత అనుభవం వచ్చాకే పెద్ద ప్రయాణం పెట్టుకున్నారు.

ముడుల సంగతి. 8 లేక 10 మిల్లీమీటర్ల తాడు రెండు మీటర్లు కొనుక్కుని ఇంట్లో పెట్టుకోండి. బోలైన్, క్లోవ్ హిచ్, రౌండ్ టర్న్ అండ్ టూ హాఫ్ హిచెస్, ఫిగర్ ఆఫ్ ఎయిట్, రోలింగ్ హిచ్, ఇంకా డెక్ మీది క్లీట్ అనే కొమ్ముల కొక్కేనికి తాడు చుట్టే పద్ధతి. ఈ ఆరు చాలు. చూసి కట్టగలగడం సరిపోదు. కళ్లు మూసుకుని, చేతులు తడిపి, తాడు అవతలి కొస ఎవరో లాగుతుండగా కట్టగలగాలి. రోలింగ్ హిచ్‌ను చాలామంది వదిలేస్తారు. కానీ తాడు చుట్టి బిగించే వించ్ డ్రమ్ము మీద చుట్టు కింద చుట్టు ఇరుక్కుని తాడు బిగిసిపోయినప్పుడు, ఆ బరువును పక్కకు తీసుకోవడానికి పనికొచ్చేది అదే.

వించ్ దగ్గర పోయేది వేళ్లు. తాడును ఎప్పుడూ సవ్యదిశలో చుట్టాలి. మొదట రెండు చుట్లు, బరువు పడ్డాక మూడోది, నాలుగోది. మొదటే నాలుగు చుడితే చుట్లు ఒకదానిమీద ఒకటి ఎక్కుతాయి. తాడు పట్టుకున్న చేతిలో బొటనవేలు కాక చిటికెన వేలు వించ్ వైపు ఉండాలి. జారితే బొటనవేలు లోపలికి పోకుండా ఉంటుంది. తాడు వదలాల్సి వస్తే అరచేతిని చుట్ల మీద ఆనించి కొద్దికొద్దిగా జారనివ్వాలి. ఉంగరాలు, గడియారం ఇంట్లో పెట్టి రండి, జుట్టు ముడేసుకోండి.

సంచి

గట్టి సూట్‌కేసు తేవద్దు, దాన్ని పెట్టే చోటు పడవలో ఉండదు. 60 లీటర్ల మెత్తటి సంచి, అందులో 12 కిలోలకు మించని సామాను. పాస్‌పోర్టు, ఫోను, మందులు నీరు చొరని చిన్న సంచిలో వేరుగా.

కానరీల నుంచి మొదటి వారం రాత్రులు మనం అనుకున్నంత వెచ్చగా ఉండవు. 18 డిగ్రీలే అయినా కదలకుండా కూర్చుని గాలిలో మూడు గంటలు ఉంటే ఒళ్లు వణుకుతుంది. ఒంటికి ఆనేది ఉన్ని లేదా సింథటిక్ బనియను, దాని మీద ఫ్లీస్, పైన నీరు చొరని జాకెట్టు, భుజాల దాకా వచ్చే ప్యాంటు. నూలు బట్టలు మనకు అలవాటే గానీ ఇక్కడ పనికిరావు. ఉప్పునీటిలో తడిసిన నూలు ఎండలో ఆరినట్టే ఉంటుంది, సాయంత్రం ఉప్పు గాలిలోని చెమ్మను పీల్చుకుని మళ్లీ తడుస్తుంది. ఆ తడి మీద కూర్చుంటే నాలుగు రోజుల్లో పిరుదుల మీద కురుపులు లేస్తాయి. ఒక జత బట్టలను మాత్రం మూటకట్టి, పడక మీద తప్ప ఎక్కడా వేసుకోకుండా దాచండి. పొడి బట్టల్లో పడుకోగలిగిన మనిషి నిద్రపోగలడు.

డెక్ మీద చెప్పులు వద్దు, వేళ్లు మూసి ఉండే, డెక్ మీద మరక వేయని అడుగుభాగం ఉన్న బూట్లు కావాలి. డెక్ మీద బిగించిన లోహపు ముక్కలు కాలివేళ్లను విరగ్గొడతాయి. ఎర్రదీపం ఉన్న తలలైటు తప్పనిసరి. చీకటికి కళ్లు పూర్తిగా అలవాటు పడటానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది, ఒక్క తెల్లదీపం వెలిగిస్తే అదంతా మొదటికొస్తుంది. ఎర్రదీపంలో మ్యాపు మీది ఎర్ర గీతలు కనపడవని కూడా గుర్తుంచుకోండి. చాకు, మల్టీటూల్ చెక్‌ఇన్ సామానులో వేయాలి. నల్లకళ్లద్దాలకు మెడతాడు, టోపీకి క్లిప్పు ఉండాలి, లేకపోతే అవి మొదటి రోజే సముద్రానికి వెళ్తాయి.

ఒంటికి కట్టుకునే ప్రాణం

పడవలోని లైఫ్ జాకెట్లు ఉంటాయి కదా అని ఊరుకోకండి. మీ ఒంటికి సరిపడేది, మీరే విప్పి చూసుకున్నది వేరు. తనంతట తాను ఉబ్బే, 150 న్యూటన్ల తేలే బలం ఉన్న జాకెట్, తొడల మధ్య నుంచి వచ్చే పట్టీ, ముఖాన్ని నీటి తుంపర నుంచి కాపాడే ముసుగు, దీపం, టెథర్ (పడవకు కట్టే పట్టీ) తగిలించే గట్టి రింగు ఉండాలి. తొడల పట్టీ లేని జాకెట్ నీళ్లలో పైకి జారి చెవుల దాకా వస్తుంది, నోరు నీటిలోనే ఉంటుంది.

ఇంట్లోనే తనిఖీ చేయండి. జాకెట్ విప్పి నోటితో గాలి ఊది, 24 గంటలు వదిలేయండి. మెత్తబడితే పనికిరాదు. గ్యాస్ సిలిండర్‌ను విప్పి వంటింటి త్రాసులో తూచి, దాని మీద ముద్రించిన కనీస బరువుతో సరిచూడండి. 150 న్యూటన్ల జాకెట్లలో సాధారణంగా 33 గ్రాముల గ్యాస్ ఉంటుంది. తిరిగి బిగించేటప్పుడు చేత్తో గట్టిగా తిప్పండి. పడవ అదురుకు సిలిండర్ వదులైపోవడమే ఎక్కువగా కనిపించే లోపం, నెలలో రెండుసార్లు చూసుకోవాలి. నీటికి స్పందించే క్యాప్సూల్ గడువు తేదీ, ఆకుపచ్చ గుర్తు చూడండి. విమానంలో తీసుకెళ్లడానికి జాకెట్‌లో బిగించిన సిలిండర్లతో పాటు రెండు అదనపువి దాకా నిబంధనలు ఒప్పుకుంటాయి, కానీ విమాన సంస్థ అనుమతి ముందే రాతపూర్వకంగా తీసుకోవాలి. లేకపోతే సెక్యూరిటీ దగ్గర వదిలేసి వెళ్లాల్సి వస్తుంది.

టెథర్ అంటే మిమ్మల్ని పడవకు కట్టే పట్టీ. రెండు కొసలున్నది కొనండి, ఒకటి 1 మీటరు, ఇంకొకటి 2 మీటర్లు. పొట్టి కొస ముఖ్యం. 2 మీటర్ల పట్టీతో పడితే పడవ పక్కన నీళ్లలో ఈడ్చుకుపోతారు, ఆరు నాట్ల వేగంలో అలా ఈడ్చుకుపోతూ ఊపిరి తీసుకోలేరు. 1 మీటరు పట్టీతో అసలు డెక్ దాటి పడరు. డెక్ పొడవునా ముందు నుంచి వెనక దాకా బిగించిన జాక్‌లైన్ చదునైన పట్టీ అయి ఉండాలి, గుండ్రటి తాడు పాదం కింద దొర్లుతుంది. గాలి వచ్చేవైపు జాక్‌లైన్‌కే తగిలించుకోండి. డెక్ చుట్టూ ఉన్న వైరు కంచెకు, స్టీరింగ్ చక్రానికి తగిలించకండి.

రాత్రి ఒక పద్ధతి పెట్టుకోండి. మెట్లెక్కి, పడవ నడిపే చోటైన కాక్‌పిట్‌లోకి తల బయట పెట్టేముందే చేయి చాపి క్లిప్పు తగిలించాలి, లోపలికి దిగాకే తీయాలి. ఒంటరిగా కాపలా ఉన్నవాళ్లు ఇంకొకర్ని లేపకుండా కాక్‌పిట్ దాటి ముందుకు వెళ్లకూడదు. మూత్రానికి లేచి అంచున నిలబడే అలవాటును మొదటి రోజే మానేయాలి.

ఎందుకింత పట్టుబడుతున్నానంటే లెక్క చూడండి. ఆరు నాట్లంటే సెకనుకు మూడు మీటర్లు. మీరు పడ్డారని తెలుసుకుని తెరచాపలు దించడానికి రెండు నిమిషాలు పడితే పడవ 370 మీటర్ల దూరంలో ఉంటుంది. రెండు మీటర్ల అలల మధ్య మనిషి తల అంత దూరం నుంచి కనిపించదు. అందుకే ఉపగ్రహానికి సంకేతం పంపే పీఎల్‌బీ ఒక్కటే కాకుండా, మీ పడవ తెర మీదే మీ స్థానం చూపించే ఏఐఎస్ బీకన్ కూడా జాకెట్‌లో పెట్టుకోవాలి. పీఎల్‌బీ 406 మెగాహెర్ట్జ్‌లో కనీసం 24 గంటలు సంకేతం పంపుతుంది, కానీ నడి అట్లాంటిక్‌లో మిమ్మల్ని గంటలోపు చేరగలిగేది మీరు పడిన పడవే. పీఎల్‌బీని కొన్న వెంటనే, దానిలో ఏ దేశపు కోడ్ ఉందో ఆ దేశంలో నమోదు చేయాలి. భారత కోడ్ ఉన్నవాటిని బెంగళూరులోని ఇస్రో ఇస్ట్రాక్ కేంద్రంలో నమోదు చేస్తారు.

కడుపు

లోపలి చెవి ఊగుతున్నామంటుంది, గదిలోని గోడను చూస్తున్న కళ్లు కదలడం లేదంటాయి. ఈ తగాదాలోంచి వికారం పుడుతుంది. ఎక్కువమందికి రెండు, మూడు రోజుల్లో సర్దుకుంటుంది. ఆ మూడు రోజులు దాటడమే ఉపాయం.

వాంతులు మొదలయ్యాక మాత్ర వేస్తే కడుపులో నిలవదు. బయల్దేరే ముందు రాత్రి నుంచే మొదలుపెట్టాలి. సినారిజిన్, మెక్లిజిన్, ప్రొమెథజిన్, చెవి వెనక అంటించే స్కోపలమిన్ ప్యాచ్ అన్నీ ఒక్కొక్కరికి ఒక్కోలా పనిచేస్తాయి. కొన్ని విపరీతంగా మత్తునిస్తాయి. ప్యాచ్ 3 రోజులు పనిచేస్తుంది గానీ గ్లకోమా ఉన్నవాళ్లకు పనికిరాదు, అంటించిన వేలితో కన్ను తుడుచుకుంటే చూపు మసకబారుతుంది. డాక్టరుతో మాట్లాడి ఒకటి ఎంచుకుని, ఇంట్లో సెలవు రోజున వేసుకుని, ఎంత నిద్ర వస్తుందో చూడండి. ఏ మందు తీసుకుంటున్నారో, మీకున్న బీపీ, షుగర్, ఆస్తమా అన్నీ స్కిప్పర్‌కు చెప్పండి. సిగ్గుపడి దాచిపెడితే ఆపదలో ఆయన ఇచ్చే మందు మీకే ఎదురు తిరగొచ్చు.

బయల్దేరే రోజు సామాను సర్దడం, కింద గదిలో పని ఏదీ మిగల్చకండి. రెండు రోజుల భోజనం ముందే వండి పెట్టాలి. వికారం మొదలవుతున్నట్టు ఆవులింతలు, నోట్లో నీళ్లు, ఒళ్లు చల్లబడటం చెబుతాయి. అప్పుడే స్టీరింగ్ తీసుకుని దిగంతం మీద చూపు నిలపండి. ఆవకాయ, కాఫీ, నూనె వస్తువులు మూడు రోజులు దూరం. ఉప్పు బిస్కెట్లు, మరమరాలు, అల్లం ముక్క, ఓఆర్ఎస్ గుక్కలుగా. ఖాళీ కడుపు నిండు కడుపు కంటే చెడ్డది. వాంతి వస్తే కాక్‌పిట్‌లో బకెట్ వాడండి, అంచు మీదికి వంగకండి. అప్పటికీ నిలవకపోతే పడవ మధ్యభాగంలో, కిందుగా, కళ్లు మూసుకుని పడుకోవడమే మందు. ముందుభాగంలోని పడక అందరికంటే ఎక్కువ ఎగిరిపడుతుంది. ఒకరోజంతా గుక్కెడు నీళ్లు కూడా నిలవకపోతే అది వికారం కాదు, ఒంట్లో నీరు తగ్గిపోతున్న రోగి. స్కిప్పర్‌కు చెప్పి తీరాలి.

ఎక్కిన మొదటి రోజు

నోటుబుక్కులో పడవ బొమ్మ గీసుకోండి. పడవ అడుగున నీరు లోపలికి, బయటికి పోయే వాల్వులు ఎక్కడెక్కడ ఉన్నాయి, ఒక్కో దాని పక్కన చెక్క బిరడా కట్టి ఉందా, చేతి పంపు పిడి ఎక్కడ, మంటలార్పే సిలిండర్లు ఎక్కడ, రాఫ్ట్ తాడు దేనికి కట్టి ఉంది, ఇంజన్ ఆపే మీట ఏది, గ్యాస్ కట్టేసే చోటు ఏది. వీహెచ్ఎఫ్ రేడియోలో 16వ ఛానెల్‌లో మాట్లాడటం, ఎర్ర మూత కింది ఆపద బటన్ వాడటం స్వయంగా చూపించమనండి. స్కిప్పరే నీళ్లలో పడితే ఇవన్నీ చేయాల్సింది మీరు. రాఫ్ట్ గురించి ఒక్క మాట: పడవ కాళ్ల కింద మునుగుతున్నప్పుడే ఎక్కాలి, అంతకుముందు కాదు. సగం నీళ్లు నిండిన పడవ కూడా రాఫ్ట్ కంటే మంచి చోటు.

కాపలా

నలుగురుంటే ఒక్కొక్కరు 3 గంటలు, 9 గంటల విశ్రాంతి. ఇది అన్నిటికంటే మంచి అమరిక. ముగ్గురైతే 3 గంటల పని, 6 గంటల విశ్రాంతి. తర్వాతివాళ్లను 15 నిమిషాల ముందు లేపాలి, వాళ్లు జాకెట్ వేసుకుని సమయానికి పైన ఉండాలి. ఐదు నిమిషాలు ఆలస్యంగా రావడం రోజూ జరిగితే పడవలో స్నేహం చెడిపోవడానికి అంతకన్నా వేరే కారణం అక్కర్లేదు.

అప్పగించేటప్పుడు చెప్పాల్సినవి: పడవ దిశ, గాలి వేగం, అది ఎటు మారుతోంది, ఏ తెరచాప ఎంత తెరిచి ఉంది, చుట్టుపక్కల ఓడలు, బ్యాటరీ వోల్టేజీ. గంటకోసారి లాగ్‌బుక్కులో యూటీసీ (ప్రపంచ ప్రామాణిక) సమయం, అక్షాంశ రేఖాంశాలు, వేగం, గాలి, బారోమీటర్ రాయాలి. కరెంటు పోయి తెరలన్నీ ఆరిపోయినా ఆఖరి గంట స్థానం కాగితం మీద ఉంటుంది.

ఓడలను చూడటం అసలు పని. 20 నాట్లతో వచ్చే సరుకు ఓడ దిగంతం మీద కనిపించినప్పటి నుంచి మీ దగ్గరికి రావడానికి 20 నిమిషాలైనా పట్టకపోవచ్చు. కాబట్టి ప్రతి 10 నిమిషాలకు లేచి నిలబడి, వెనక సహా చుట్టూ చూడాలి. వెనకవైపు చూడటం అందరూ మరిచేదే. ఓడ దిక్కు కంపాస్‌లో మారకుండా దగ్గరవుతుంటే ఢీకొనే దారిలో ఉన్నట్టు. ఎరుపు, ఆకుపచ్చ రెండు దీపాలూ కనిపిస్తే అది నేరుగా మీవైపే వస్తోంది. ఓడలు తమ స్థానాన్ని రేడియోలో చెప్పుకునే ఏఐఎస్ తెర మీద అన్నీ కనపడతాయనుకోవద్దు, చిన్న పడవలు చాలావాటికి అది ఉండదు. అనుమానం వస్తే స్కిప్పర్‌ను లేపండి. "అనవసరంగా లేపానేమో" అని వెనకాడే క్రూ కంటే పదిసార్లు లేపే క్రూ నయం.

ఈ దారిలో గాలి ఎక్కువగా వెనక నుంచే ఉంటుంది. పడవకు హాయి, మనిషికి ప్రమాదం. పడవ అటూఇటూ దొర్లుతూ గాలి మెయిన్‌సెయిల్ (పెద్ద తెరచాప) వెనక్కి చేరితే దాని అడుగున ఉండే దూలం, అంటే బూమ్‌ను ఒక్క ఊపులో అవతలికి విసిరేస్తుంది. తలకు తగిలితే ప్రాణం పోతుంది. అందుకే బూమ్ చివరి నుంచి పడవ ముందు కొసకు, అక్కడి నుంచి కాక్‌పిట్‌కు తెచ్చిన ప్రివెంటర్ తాడు బిగించాలి. బూమ్ మధ్యలో కట్టకూడదు, బూమ్ కొస నీళ్లలో మునిగితే మధ్యలో విరుగుతుంది. ఆ తాడు వదిలే పని కాక్‌పిట్ నుంచే జరగాలి. ప్రివెంటర్ ఉన్నా బూమ్ ఊగే దారిలో, దాన్ని అదుపు చేసే మెయిన్‌షీట్ తాడు దగ్గర నిలబడకండి.

రాత్రిపూట కుండపోత వానతో వచ్చే గాలిమేఘాలు 15 నాట్ల గాలిని నిమిషంలో 35కు తీసుకుపోతాయి. చుక్కలు ఒకవైపు ఆరిపోతున్నట్టు కనిపించడం మొదటి గుర్తు, రాడార్‌లో ముద్దగా కనిపించడం రెండోది. చీకటి పడకముందే మెయిన్‌సెయిల్‌ను ఒక మెట్టు తగ్గించి పెట్టుకునే స్కిప్పర్ మంచి స్కిప్పర్. తగ్గించే వరుస ఇది: ప్రివెంటర్ విప్పి షీట్ వదలడం, బూమ్‌ను పైనుంచి పట్టే తాడు బిగించడం, హాల్‌యార్డ్‌ను (తెరచాపను పైకెత్తే తాడును) గుర్తు దాకా దించడం, తెరచాప ముందు రింగును కొక్కేనికి తగిలించడం, హాల్‌యార్డ్ బిగించడం, ఆ తర్వాతే తెరచాపను చిన్నది చేసే వెనక రీఫ్ తాడు లాగడం. వెనక తాడు ముందు లాగితే గుడ్డ చిరుగుతుంది. పగటిపూట, మంచి వాతావరణంలో, మాటలు లేకుండా చేయగలిగేదాకా సాధన చేయండి.

నీళ్లు, పొయ్యి, మరుగుదొడ్డి

తాగడానికి, వంటకు మనిషికి రోజుకు 3 లీటర్లు. ఐదుగురికి 21 రోజుల ప్రయాణమైనా 30 రోజుల లెక్క వేస్తే 450 లీటర్లు. ఉప్పునీటిని మంచినీరు చేసే యంత్రం ఉన్నా ఈ లెక్క తగ్గించకండి, అది మొదట చెడేవాటిలో ఒకటి. స్నానం బకెట్టు సముద్రపు నీటితో, చివర ఒక లీటరు మంచినీటితో. బంగాళాదుంపలు, గుడ్లు సముద్రపు నీటిలోనే ఉడకబెట్టొచ్చు. అన్నానికి నాలుగో వంతు సముద్రపు నీరు కలిపితే ఉప్పు వేయనక్కర్లేదు.

వంటలో తెలుగువాళ్లం ఇచ్చే గొప్ప సాయం ప్రెషర్ కుక్కర్. మూత బిగిసి ఉంటుంది కాబట్టి పొయ్యి మీంచి పడినా ఒలకదు, గ్యాస్ సగం ఖర్చవుతుంది. బియ్యం, కందిపప్పు, చింతపండు, ఉప్మారవ్వ, అటుకులు, కారప్పొడులు ఫ్రిజ్ లేకుండా నెలలు నిలుస్తాయి. ఆవకాయ ప్లాస్టిక్ డబ్బాలో, మూత చుట్టూ టేపు వేసి తెచ్చుకోండి. నెయ్యి, పాల పదార్థాలు, మాంసం యూరప్ బయటి నుంచి ప్రయాణికులను తేనివ్వరు. క్యాబేజీ, ఉల్లి, బంగాళాదుంప మూడు వారాలు ఉంటాయి. టమాటాలు పచ్చివి కొని ఒక్కోటి కాగితంలో చుట్టాలి. ఫ్రిజ్‌లో పెట్టని, కడగని గుడ్లు రెండు రోజులకోసారి తిప్పుతుంటే నిలుస్తాయి. అట్టపెట్టెలు పడవలోకి రానివ్వద్దు, వాటి మడతల్లో బొద్దింక గుడ్లుంటాయి.

వేడినీళ్లు ఒలికి కాలడం పడవలో జరిగే ఘోరమైన గాయాల్లో ఒకటి. అల ఎక్కువగా ఉన్నప్పుడు వంట చేసేవాళ్లు నీరు చొరని పొడవు ప్యాంటు, బూట్లు వేసుకోవాలి. టీ పోసేటప్పుడు కప్పు చేత్తో పట్టుకోకుండా సింకులో పెట్టి పోయాలి. గ్యాస్ గాలికంటే బరువు. కారితే పడవ అడుగున చేరి నిప్పురవ్వ కోసం ఎదురుచూస్తుంది. వంట కాగానే సిలిండర్ దగ్గరే కట్టేయాలి, తర్వాతే పొయ్యి మీట.

మరుగుదొడ్డి పైపు సన్నం. మీరు తిన్నది తప్ప ఏదీ అందులో పడకూడదు, కాగితం వేరే సంచిలోకి. అందరూ కూర్చునే వాడాలి, మగవాళ్లు కూడా. వాడాక 15, 20 సార్లు పంపు కొట్టి పైపు శుభ్రమయ్యేలా చూడాలి. నీళ్లతో కడుక్కునే మన అలవాటుకు చెంబు పనికిరాదు, పడవ ఊగితే నేలంతా తడి. ఒక లీటరు పిచికారీ సీసా తెచ్చుకోండి.

దిగే ముందు

సెయింట్ లూసియా నీళ్లలోకి రాగానే పసుపు జెండా ఎత్తాలి. కస్టమ్స్, ఇమ్మిగ్రేషన్ పని స్కిప్పర్ ముగించేదాకా క్రూ ఒడ్డున కాలు పెట్టకూడదు. క్రూ జాబితాలో పేరున్నంత కాలం మిమ్మల్ని దేశం నుంచి పంపే బాధ్యత స్కిప్పర్‌దే. అందుకే దిగిపోయే ముందు తిరుగు టికెట్ చూపించి, ఇమ్మిగ్రేషన్ దగ్గర పేరు జాబితా నుంచి తీయించుకోండి. జాకెట్, టెథర్ మంచినీళ్లతో కడిగి నీడలో ఆరబెట్టండి. క్లిప్పుల్లో ఉప్పు గడ్డకడితే స్ప్రింగు తుప్పుపట్టి తర్వాతి ప్రయాణంలో మూసుకోదు. సిలిండర్లను తిరుగు విమానంలో పెట్టేముందు ఆ సంస్థ అనుమతి మళ్లీ తీసుకోవాలి, వచ్చినప్పటి అనుమతి చెల్లదు.